కర్టిస్ వేయని అడుగు

మా చిన్నన్న కర్టిస్ ఏడేళ్ళు మాకు కనుచూపు మేరలోనే ఉన్నాడు. ఇంటికి మాత్రం రాలేదు. మధ్యలో అడ్డం రెయినీ నది. ఇవతలి ఒడ్డున మిన్నెసోటాలో మా ఊరు, అవతలి ఒడ్డున కెనడాలో ఫోర్ట్ ఫ్రాన్సిస్. రెండు ఒడ్డుల మీదా కాగితం మిల్లులే కాబట్టి గాలి ఎటు వీచినా ఉడికిన చెక్కగుజ్జు వాసనే. వంతెన దాటడం మాకు ఎదురింటికి వెళ్ళినంత పని. కర్టిస్ దాటితే మాత్రం నేరుగా జైలుకే.

మా నాన్న తోయివో రౌటియో మిల్లులో పనిచేసేవాడు. కుర్రతనంలో ఇటలీలో యుద్ధం చేసి వచ్చాడు. ఆ సంగతులు ఎప్పుడూ చెప్పేవాడు కాదు గానీ, ప్రతి బుధవారం మాజీ సైనికుల క్లబ్బుకి వెళ్ళి అక్కడివాళ్ళతో పేకాడేవాడు. అమ్మ పేరు లెంపి. పెద్దన్న లాయిడ్, చిన్నన్న కర్టిస్, ఆఖరుదాన్ని నేను, మార్లిస్.

జాన్సన్ అధ్యక్షుడిగా ఉండగా లాయిడ్‌కి సముద్రాల అవతలి యుద్ధానికి రమ్మని సైన్యం నుంచి పిలుపు వచ్చింది, కాదంటే జైలే. వెళ్ళాడు. ఇక ఎన్నికల్లో పోటీ చెయ్యను, బాంబులు తగ్గిస్తున్నాను అని జాన్సన్ టీవీలో ప్రకటించే నాటికి లాయిడ్ ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. మందుపాతర పేలి కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. ఆ ప్రకటన విని అమ్మ, "ఈ బుద్ధి ఒక నెల ముందు పుట్టి ఉంటే ఏం పోయింది ఈయనకి?" అంది.

తర్వాత నిక్సన్ వచ్చాడు. యుద్ధం ముగిస్తానన్నాడు. ముగియలేదు సరికదా, మరుసటి ఏడు వసంతంలో టీవీలో మ్యాపు చూపిస్తూ మన సైన్యం కంబోడియాలోకి కూడా వెళ్తోందని చెప్పాడు. దాంతో మా ఊరు నిలువునా చీలింది. చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చునే కుటుంబాలు వేరే బెంచీలు చూసుకున్నాయి. మిల్లులో మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా రెండు జట్లు అయ్యాయి. ఆ వేసవిలోనే కర్టిస్‌కి పిలుపు వచ్చింది. బస్సెక్కి మినియాపొలిస్‌లోని సైనిక కేంద్రానికి వెళ్ళాడు. మర్నాడు సాయంత్రం అదే సంచీతో తిరిగొచ్చాడు.

నాన్న వాకిట్లో నిచ్చెన వేసుకుని కిటికీకి రంగు వేస్తున్నాడు. నేను కింద డబ్బా పట్టుకుని ఉన్నాను.

"ఏంటి, ఆరోగ్యం బాలేదని పంపించేశారా?" అన్నాడు నాన్న.

"కాదు నాన్నా. వరుసలో నిలబడ్డాను. నా వల్ల కాలేదు. వచ్చేశాను."

"వరుసలో నిలబడ్డాక వచ్చేశావా?"

"అవును."

నాన్న నిచ్చెన దిగాడు. ముఖం కాగితంలా తెల్లబడింది. "అయితే నీ బట్టలు తీసుకుని వెళ్ళు. మళ్ళీ ఈ గడప తొక్కకు" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే కర్టిస్ కూడా అరిచేవాడేమో, అక్కడితో తేలిపోయేదేమో. వాడు లోపలికి వెళ్ళి నాలుగు బట్టలు తెచ్చుకుని వంతెన వైపు నడిచాడు. నేను వెంట పరిగెత్తాను. అప్పటికి నాకు పదిహేనేళ్ళు.

"ఏడవకే మార్లీ. ఎక్కడికో పోవట్లేదు. నదికి అవతలే ఉంటా" అన్నాడు.

అన్నట్టే ఉన్నాడు. వాడిలా దాటిన కుర్రాళ్ళందరూ టొరంటో, విన్నిపెగ్ లాంటి పెద్ద ఊళ్ళకి పోయారు. వీడు మాత్రం ఫోర్ట్ ఫ్రాన్సిస్‌లో పడవలు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాడు. అక్కడి అమ్మాయి నోయెల్లాను పెళ్ళి చేసుకున్నాడు. పాప పుట్టింది, పేరు రెనీ. అమ్మా నేనూ ఆదివారాలు వెళ్ళొచ్చేవాళ్ళం. నాన్న మమ్మల్ని కారులో వంతెన మొదలుదాకా దింపి, మేం తిరిగొచ్చేదాకా కారులోనే కూర్చునేవాడు. చలికాలంలో ఇంజను ఆపకుండా కూర్చునేవాడు. వాడెలా ఉన్నాడని అడిగేవాడు కాదు. అమ్మ మాత్రం వంటింట్లో గిన్నెలతో మాట్లాడుతున్నట్టు, "పాప నడుస్తోంది. పొయ్యి కొత్తది కొన్నారు" అని గట్టిగా చెప్పేది. నాన్న పేపరు తిప్పడం ఆపేవాడు.

లాయిడ్ కూడా వెళ్ళేవాడు కాదు. ఎందుకని ఒకసారి అడిగితే, "నాకున్నది ఒకటే కాలు. అది కూడా అటు పోనంటోంది" అన్నాడు. లాయిడ్ జోకు వేశాడంటే ఇక ఆ విషయం అడగొద్దని అర్థం.

కుంభకోణంలో ఇరుక్కుని నిక్సన్ దిగిపోయాక ఫోర్డ్ వచ్చాడు. వచ్చిన నెలకే నిక్సన్‌కి పూర్తి క్షమాభిక్ష పెట్టాడు. ఆ వెంటనే, యుద్ధానికి వెళ్ళని కుర్రాళ్ళు కూడా తిరిగి రావచ్చు, కాకపోతే దేశానికి విధేయత ప్రకటించి రెండేళ్ళ దాకా ప్రభుత్వం చెప్పిన పని చెయ్యాలి అన్నాడు. ఆ ఆదివారం కారు దిగుతున్న అమ్మతో నాన్న మొదటిసారి నోరు విప్పాడు. "సంతకం పెట్టి రమ్మను."

అమ్మ ఆశగా ఆ మాట మోసుకెళ్ళింది. కర్టిస్ పగలబడి నవ్వాడు. "ఆ నిక్సన్ గారికేమో ఊరికే క్షమాభిక్ష, నాకేమో రెండేళ్ళు వెట్టిచాకిరీనా? తప్పు చేశానని సంతకం పెట్టనమ్మా. నేను తప్పు చెయ్యలేదు." ఆ మాట నాన్నకి చెప్పడానికి అమ్మకి వారం పట్టింది. విని నాన్న, "నేను అడిగినట్టు మళ్ళీ చెప్పకు" అన్నాడు.

అలా రోజులు గడిచాయి. కర్టిస్ కెనడా పౌరుడయ్యాడు. ఇక్కడ ఎన్నికలొచ్చాయి, కార్టర్ గెలిచాడు. గెలిస్తే వీళ్ళని క్షమిస్తానని ముందే చెప్పాడు గానీ, ఎన్నికల మాటలని మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఆయన మాత్రం పదవిలోకి వచ్చిన మర్నాడే సంతకం పెట్టేశాడు.

అది జనవరి. బయట ఉమ్మితే నేలమీద పడేలోపు గడ్డకట్టే చలి. నేను వంతెన దగ్గరి కాఫీ హోటల్లో వడ్డించేదాన్ని. రేడియోలో వార్త వచ్చేసరికి కౌంటరు ముందంతా మిల్లువాళ్ళే.

"విన్నావా మార్లిస్? పారిపోయినోళ్ళకి తివాచీలు పరుస్తారట!" అన్నాడొకడు.

"మీ అన్నకి బ్యాండుమేళం మాట్లాడమంటావా?" అన్నాడు ఇంకొకడు.

"మాట్లాడండి. డబ్బులు మీరిచ్చేట్టయితే డోలు నేనే వాయిస్తా" అన్నాను. నవ్వారు.

వెర్న్ స్కోగ్లండ్ నవ్వలేదు. ఆయన మా పక్కింటాయన, నాన్నతో పాతికేళ్ళుగా ఒకే యంత్రం దగ్గర పనిచేస్తున్నవాడు. వాళ్ళబ్బాయి డెనిస్, మా లాయిడ్ వెళ్ళిన ఏడే యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన కప్పు కిందపెట్టి, "మా వాడికి ఏ అధ్యక్షుడు క్షమాభిక్ష పెడతాడమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది. కాఫీ పోయబోయాను, వద్దని చెయ్యి అడ్డం పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి టీవీలో అదే వార్త. సైన్యంలో చేరకుండా తప్పించుకున్న వాళ్ళందరికీ క్షమాభిక్ష. సైన్యంలో చేరాక పారిపోయిన వాళ్ళకి మాత్రం లేదు. అమ్మ చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను ఆమెను పట్టుకుని ఊపేశాను. నాన్న లేచి టీవీ ఆపేశాడు.

"సంబరపడకు లెంపి. అది మన వాడికి కాదు."

"అదేంటి?"

"వినలేదా? చేరి పారిపోయినోళ్ళకి లేదన్నారు. వాడు ప్రమాణం చేసి మరీ పారిపోయాడు."

అమ్మ కుర్చీలో కూలబడింది. అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడకీ ఇన్నేళ్ళూ ఇదే భయమని. ప్రతి ఆదివారం వెళ్ళి కూడా ఆ ఒక్క ముక్క అడగకపోవడానికి కారణం అదే. అవునంటాడేమోనని.

లాయిడ్ అప్పటిదాకా గుమ్మం దగ్గర పెట్టుడు కాలికున్న మంచు దులుపుకుంటున్నాడు. "నీకెలా తెలుసు?" అన్నాడు.

"వాడే చెప్పాడు. వరుసలో నిలబడ్డాక వచ్చేశానని."

"వరుసలో నిలబడితే ప్రమాణం చేసినట్టు కాదు నాన్నా. అందరూ నిలబడతారు. పేరు పిలుస్తారు. పిలిచినప్పుడు ఒక అడుగు ముందుకేస్తేనే సైనికుడివి. అడుగెయ్యకపోతే నువ్వు మామూలు మనిషివే. మీ రోజుల్లో అది లేదేమో. మాకుంది. నేను వేశాను."

నాన్న వాడివైపు తేరిపార చూశాడు. "వాడు వేశాడా?"

"నాకేం తెలుసు? మనలో ఒక్కరైనా అడిగామా?"

నాన్నకి కోపం ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. కర్టిస్ యుద్ధానికి వెళ్ళలేదని కాదు. మాట ఇచ్చి తప్పాడని. నాన్న దృష్టిలో అంతకు మించిన నీచం లేదు.

మర్నాడు శనివారం పొద్దున్నే లాయిడ్ తన పికప్పు ట్రక్కు స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు. "ఎక్కవే మార్లీ. వాడి ఇల్లెక్కడో నాకు తెలియదు" అన్నాడు.

కర్టిస్ షెడ్డులో మంచు మీద నడిపే బండి స్నోమొబైల్ కింద దూరి ఉన్నాడు. లాయిడ్ నడక చప్పుడు ఎవరికైనా తెలిసిపోతుంది, ఒక అడుగు మెత్తగా, ఒకటి గట్టిగా. ఆ చప్పుడు వినగానే కర్టిస్ బయటికొచ్చాడు. చేతుల నిండా నల్లటి నూనె. ఏడేళ్ళ తర్వాత ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం. ఇద్దరికీ జుట్టు పల్చబడింది. అది చూసి ఇద్దరికీ ఇబ్బందిగా నవ్వొచ్చింది.

"ఒరేయ్, ఒకటి అడుగుతాను. సూటిగా చెప్పు" అన్నాడు లాయిడ్. "నీ పేరు పిలిచినప్పుడు అడుగేశావా?"

కర్టిస్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. "మినియాపొలిస్‌లోనా? లేదు."

"ఖచ్చితంగా?"

"అది మర్చిపోతానా? ఒకసారి పిలిచారు. కదల్లేదు. పక్కగదిలోకి తీసుకెళ్ళి, ఇలా చేస్తే జైలుకెళ్తావని ఆఫీసరు చెప్పాడు. మంచిగానే చెప్పాడు పాపం. మళ్ళీ తీసుకొచ్చి మళ్ళీ పిలిచాడు. నా కాళ్ళు వణుకుతున్నాయి. కదిలితే అయిపోతుందని వేళ్ళు బిగబట్టి నిలబడ్డాను. సరే, ఇంటికెళ్ళు, కేసు పెడతాం అన్నారు. బస్సెక్కాను. అంతే."

లాయిడ్ పక్కనున్న పడవ అంచు మీద కూర్చున్నాడు. కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ ముక్క ఆ రోజే చెప్పి చావొచ్చు కదరా!"

"ఎవరడిగారు? మళ్ళీ గడప తొక్కొద్దన్నాడు, తొక్కలేదు."

"నాన్న ఏమనుకున్నాడో తెలుసా? నువ్వు ప్రమాణం చేసి పారిపోయావని."

కర్టిస్ చేతిలో ఉన్న స్పానరు బల్ల మీద పెట్టాడు. "ఇన్నేళ్ళూ అలా అనుకున్నాడా?" అన్నాడు చాలా నెమ్మదిగా. "నువ్వు కూడానా?"

"నేను అదేం అనుకోలేదు. నా గొడవ వేరే. ఆ రోజు నా గది ముందు నుంచే వెళ్ళావు. తలుపు తీసే ఉంది. ఒక్క మాట చెప్పలేదు."

"ఏమని చెప్పను? నువ్వు మంచం మీద కూర్చుని ఆ మొండికాలికి కట్టు మార్చుకుంటున్నావు. అది చూస్తూ, నేను పోను అని నీకెలా చెప్పను?"

లాయిడ్ పెట్టుడు కాలి మీద వేళ్ళతో తట్టాడు. "చెప్పాల్సింది. చెప్తే మంచి పని చేశావురా అనేవాణ్ణి" అన్నాడు. ఇంకొంచెం ఆగి, "ఆ తర్వాత నెల రోజులు నిన్ను తిట్టుకునేవాణ్ణి కూడా. రెండూ నిజమే" అన్నాడు.

నోయెల్లా గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. లాయిడ్ ఆమెతో చెయ్యి కలిపి, "నేను మీ బావనమ్మా. ఆలస్యంగా వచ్చాను" అన్నాడు. తర్వాత కర్టిస్ వైపు తిరిగి, "కోటు వేసుకో" అన్నాడు.

"ఇప్పుడా?" అంది నోయెల్లా కంగారుగా. "సోమవారం లాయరుని అడిగి వెళ్తే? వాళ్ళ దగ్గర ఈయన పేరు ఇంకా ఉంటుంది. పట్టుకుంటే?"

"పట్టుకుంటే నన్నూ పట్టుకోమంటాను. కాలు పోగొట్టుకున్నవాణ్ణి కదా, నాకు మంచి గదే ఇస్తారు" అన్నాడు లాయిడ్.

కర్టిస్ భార్య వైపు చూశాడు. ఆమె అతని ముఖంలో ఏం చూసిందో గానీ, లోపలికెళ్ళి పాపకి కోటు తొడిగి తీసుకొచ్చింది.

వంతెన ఇవతలి కొసన వచ్చేపోయేవాళ్ళని తనిఖీ చేసే సుంకం అధికారి హార్లన్ కిటికీలోంచి తొంగిచూశాడు. చిన్నప్పుడు ఈయన కొడుకుతో కర్టిస్ హాకీ ఆడేవాడు. అయినా పద్ధతి ప్రకారమే అడిగాడు.

"ఏ దేశ పౌరుడివి?"

"కెనడా."

"పని?"

"అమ్మానాన్నల్ని చూడటం."

"ఎంతసేపుంటావు?"

"భోజనం పెడితే భోజనం దాకా."

హార్లన్ లావుపాటి పుస్తకం తిరగేశాడు. ముఖం గంభీరమైంది. "ఇందులో నీ పేరింకా ఉంది కర్ట్. రేడియోలో విని వదిలెయ్యలేను. లోపలికి రా, పైవాళ్ళకి ఫోన్ చేస్తాను." నోయెల్లా పాపని గట్టిగా పట్టుకుంది. లాయిడ్ నాతో, "నువ్వు ఇంటికి పరిగెత్తు. నాన్నకి చెప్పు" అన్నాడు.

పరిగెత్తాను. ఊపిరి లోపలికి పోతుంటే గొంతు కోసినట్టు ఉంది. నాన్న వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందున్న కాఫీ మీద మీగడ కట్టింది.

"వెయ్యలేదు నాన్నా! అడుగు వెయ్యలేదు. రెండుసార్లు పిలిచారట. కదల్లేదట."

"రెండుసార్లా?"

"రెండుసార్లు. జైలని చెప్పినా కదల్లేదట."

"ఎదురుగానే నిలబడి వద్దన్నాడా?"

"ఎదురుగానే."

నాన్న రెండు చేతులూ బల్ల మీద ఆన్చి కూర్చున్నాడు. భుజాలు కిందికి జారాయి, మోస్తున్న బస్తా ఎవరో దించినట్టు. "అయితే వాడు మాట తప్పలేదు" అన్నాడు. తన అమ్మానాన్నల భాష ఫిన్నిష్‌లో ఇంకేదో అన్నాడు, దేవుణ్ణో తనని తానో తిట్టుకున్నాడు. అమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. "ఏడుపెందుకే, లే, వండు" అని కసిరి కోటు తీసుకున్నాడు.

బయట వెర్న్ మంచు ఎత్తిపోస్తున్నాడు. నాన్న ఆయన్ని దాటి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"వెర్న్. మా కర్టిస్ వచ్చాడు. తెచ్చుకోవడానికి వెళ్తున్నాను. నీకు చెప్పకుండా నీ ఇంటి ముందు నుంచి తీసుకెళ్ళలేను."

వెర్న్ పార మీద ఆనుకుని నిలబడ్డాడు. మీసాల మీద మంచు పేరుకుని ఉంది. ఏమంటాడోనని నాకు భయమేసింది.

"చిన్నప్పుడు, తన కంటే పెద్దవాడైనా మా డెనిస్‌కి చేపలు పట్టడం నేర్పింది వాడే కదా" అన్నాడు చివరికి. "వెళ్ళు తోయివో. చలిలో నిలబెట్టకు."

మేం చేరేసరికి కర్టిస్ సుంకం గదిలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, పక్కన లాయిడ్. హార్లన్ ఫోన్ చెవికి ఆన్చుకుని, "అవును సార్... రౌటియో... అవును, పిలుపుని కాదన్న కేసే, సైన్యంలో చేరలేదు" అంటున్నాడు. నాన్న తలుపు దగ్గరే ఆగిపోయాడు. పాప రెనీ చేతి తొడుగు నోట్లో పెట్టుకుని నాన్న వైపు చూస్తోంది.

హార్లన్ ఫోన్ పెట్టేశాడు. "ఉత్తర్వు నిన్ననే అందిందట. కేసు లేదు" అన్నాడు. కలం తీసి ఆ పేరు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. "వెళ్ళు కర్ట్. మీ అమ్మని అడిగానని చెప్పు."

కర్టిస్ లేచాడు గానీ ముందుకు రాలేదు. నాన్నే వెళ్ళాడు. ఏం మాట్లాడాలో తెలియక వాడి తల చూసి, "టోపీ లేదా నీకు? ఇంత చలిలో?" అన్నాడు.

"లాయిడ్ తొందరపెట్టాడు" అన్నాడు కర్టిస్.

"వాడంతే." నాన్న వాడి మెడ వెనక చెయ్యి వేసి పట్టుకున్నాడు, చిన్నపిల్లాణ్ణి రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు. "నేను అడగాల్సింది" అన్నాడు.

"నేను చెప్పాల్సింది."

"ముందు నేను అడగాల్సింది" అన్నాడు నాన్న మొండిగా. దాంతో ఆ విషయం ముగిసింది.

ఆ రోజు మా ఇంట్లో జరిగిందంతా చెప్పడం కష్టం. అమ్మ పెద్ద గిన్నె నిండా బంగాళదుంపలు వేసి చేపల పులుసు కాచింది, దాంట్లో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎవరూ ఏమీ అనకుండా రెండోసారి వడ్డించుకున్నారు. రెనీ లాయిడ్ పెట్టుడు కాలి మీద చెంచాతో కొట్టి, చప్పుడు వస్తోందని కిలకిలా నవ్వింది. లాయిడ్, కర్టిస్ అధ్యక్షుల మీద వాదన పెట్టుకున్నారు.

"కార్టర్ పెద్ద మనసు చూపించాడు" అన్నాడు కర్టిస్.

"సంతకమే కదా, ఎవడైనా పెడతాడు. జాన్సన్ మొదట్లోనే బుద్ధిగా ఉండుంటే నీకు క్షమాభిక్షా అక్కర్లేదు, నాకీ చెక్కముక్కా అక్కర్లేదు" అన్నాడు లాయిడ్.

"అందరూ అందరే. ఇక ఆ పేర్లు నా వంటింట్లో ఎత్తకండి" అంది అమ్మ.

సాయంత్రం వాళ్ళు ఫోర్ట్ ఫ్రాన్సిస్‌కి తిరిగి వెళ్ళాలి. వాడి ఇల్లు ఇప్పుడు అక్కడే. అది తల్చుకుని నాకు దిగులేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. కావాలంటే రేపు రావచ్చు, రేపు కుదరకపోతే ఎల్లుండి రావచ్చు. అంతకంటే ఏం కావాలి?

వాళ్ళిద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, కర్టిస్ బల్ల గుద్దుతున్నాడు, పాప చెంచా మోగిస్తోంది. అంత గోలలో ఎందుకో పక్కకి చూస్తే, కుర్చీలో నాన్న నిద్రపోతున్నాడు. తల వెనక్కి వాలిపోయి, నోరు తెరిచి, గుర్రుపెడుతున్నాడు. నోయెల్లా లేపబోయింది.

"వద్దమ్మా, పడుకోనీ" అంది అమ్మ. అని కర్టిస్ గిన్నెలో ఇంకో గరిటె పులుసు పోసింది.